‘అక్కడ ఎవరూ లేరు’ అని చెప్పేవాళ్లు

ఒక అట్టముక్కకు బ్లేడుతో సన్నటి సందు కోసుకున్నాను. దాన్ని కాగితం మీద ఆనించి, ఆ సందులో లావు స్కెచ్ పెన్నుతో ఒక వరుస రాస్తాను. తర్వాత అట్టను రెండు వేళ్ల మందం కిందికి జరిపి ఇంకో వరుస. ఇదంతా అలా రాసిందే. కోడలు కవిత తర్వాత మామూలు అక్షరాల్లోకి ఎత్తి రాసింది. మాటలు మార్చవద్దని ముందే చెప్పాను.

నేను ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో టైం కీపర్‌గా పనిచేశాను. గేటు పక్కన చిన్న గది, ఒక కిటికీ, గోడ గడియారం, రిజిస్టరు. బస్సు గేటు దాటడం కంటితో చూస్తేనే టైం రాయాలి. డ్రైవరు కేకేసి చెప్పాడని రాయకూడదు. రిటైరైన తర్వాత ఉద్యోగం పోయింది కానీ ఆ పద్ధతి పోలేదు. గౌలిపురాలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని రోజూ డైరీ రాస్తాను. ఎండా వానా, షుగరు ఎంత ఉంది, ఏం తిన్నాను, చివర్లో ‘వచ్చినవాళ్లు’ అని ఒక వరుస. ఆ వరుసే నన్ను ముంచింది, తేల్చింది కూడా.

నాకు వచ్చిన బాధలాంటిదే చాలామంది ముసలివాళ్లకు వస్తుందట. చెబితే పిచ్చి అంటారని ఎవరూ బయటపెట్టరని మా కంటి డాక్టరమ్మ అన్నది. అందుకని రాస్తున్నాను.

ఫిబ్రవరి

ఎడమ కన్ను షుగరు వల్ల ఆరేళ్ల కిందటే పోయింది. కుడి కంటితో నెట్టుకొస్తున్నాను. ఫిబ్రవరిలో దానికీ నడిమధ్య మసక మొదలైంది. మనిషిని చూస్తే చెవులు, భుజాలు కనబడతాయి, ముఖం ఉండాల్సిన చోట బూడిద.

కంటి ఆస్పత్రి హాలు మిగతా ఆస్పత్రుల్లా ఉండదు. అక్కడ ఏడుపులు, మూలుగులు వినబడవు. చుక్కలు వేసి కళ్లు మూసుకోమంటారు. యాభై అరవై మంది వరుసగా, కళ్లు మూసుకుని, గడ్డాలు పైకెత్తి కూర్చుని ఉంటారు. ఏ కంటికి ఇంజెక్షనో తెలియడానికి ఆ కంటి పైన నుదుటి మీద ప్లాస్టరు ముక్క. నేను ఒకసారి పొరపాటున కళ్లు తెరిచి ఆ వరుసలను చూశాను. మళ్లీ తెరవలేదు. పక్కన ఎవరో ముసలామె, కల్వకుర్తి వైపు మనిషట, నా చెంప మీద కారుతున్న మందును తన కొంగుతో తుడిచి, “కదలకు కొడుకా” అన్నది. నాకు డెబ్బై ఒకటి. ఆమెకు నేను కనబడలేదు కదా.

ఆ రోజు అక్షరాల బోర్డు చదవమన్నప్పుడు మూడో వరుసలో తడబడ్డాను. వెనక నిలబడ్డ మా కొడుకు శ్రీనివాస్ గట్టిగా ఊపిరి వదిలాడు. వాడు ఉస్మాన్‌గంజ్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు, నా కోసం సెలవు పెట్టి వచ్చాడు. ఆ ఊపిరి చప్పుడు నాకు నచ్చలేదు.

ఆరేళ్లుగా అదే బోర్డు. నా జ్ఞాపకశక్తికి ఏ జబ్బూ లేదు. తర్వాతి నెల వెళ్లినప్పుడు ఐదు వరుసలు గడగడా చదివేశాను. నిజానికి పైన ఉన్న ఒక్క అక్షరం తప్ప ఏమీ కనబడలేదు. శ్రీనివాస్ వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసి, “బాపు ఐదు లైన్లు చదివిండు” అని చెప్పడం లోపలికి వినబడింది. ఇంటికి వచ్చేసరికి నా భార్య అనసూయ సర్వపిండి చేసి పెట్టింది. ఇంట్లో చాలా రోజుల తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడుకున్నారు. ఈ ఇంటి హుషారు నా చేతుల్లో ఉందని అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి నెలా అలాగే చదివాను.

మార్చి నుంచి మే

మార్చిలో ఒక పొద్దున, పదకొండు గంటలకు, తలుపు తీసి కూర్చున్నాను. గల్లీ అంతా పొగపట్టినట్టు ఉంది. ఎదురింటి ప్రహరీ గోడ మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆకుపచ్చ చీరలు, తలల మీద కొంగులు. అంచుల మీద జరీ మామిడిపిందెలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ఎదురిల్లే సరిగా కనబడని నాకు పిందె లోపలి గీత కూడా కనబడింది. అది నాకు అప్పుడే తట్టాల్సింది. ఎండ వాళ్ల ముఖాల మీద పడుతోంది, వాళ్లు కళ్లు చిట్లించడం లేదు.

“గా గోడ మీద ఎవరు కూసున్నరు?” అని అనసూయను అడిగాను.

ఆమె వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. జవాబు రావడానికి ఒక బస్సు గేటు దాటేంత సేపు పట్టింది.

“ఎదురింటోళ్ల చుట్టాలు,” అని తలుపు దగ్గరికి వేసింది. “ఎండ కొడ్తుంది, లోపలికి రాండ్రి.”

డైరీలో రాశాను: ఎదురింటికి ముగ్గురు చుట్టాలు.

ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు ఎవరో ఒకరు రావడం మొదలైంది. పొడుగు షేర్వాణీ వేసుకున్న మనిషి ఒకాయన ఫ్రిజ్జు పక్కన నిలబడ్డాడు. కవితను అడిగితే, “మీటరు చూసేటాయన మామయ్యా, పోతున్నడు,” అన్నది. ఆయన పోలేదు. నేను అన్నం తిని, మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కునేదాకా అక్కడే నిలబడి నా కంచం వైపు చూస్తున్నాడు. డైరీలో ఉంది: మీటరు మనిషి. చాలాసేపు ఉన్నాడు.

ఎవరూ మాట్లాడరు, దగ్గరు, చెప్పులు చప్పుడు చేయవు. నేను కళ్లు పక్కకు తిప్పి మళ్లీ చూస్తే ఒక్కోసారి ఉండరు. పోయేవాళ్లకు ముందుగా ఎవరెవరో కనబడతారని మా ఇళ్లలో ఒక మాట ఉంది. అది నాకూ తెలుసు, అనసూయకూ తెలుసు. అందుకే నేను సూటిగా అడగలేదు, ఆమె సూటిగా చెప్పలేదు. పైగా నేను అడిగిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఫలానా వాళ్లని పేరు చెబుతున్నారు. పేరు చెప్పాక ఇంక అనుమానం ఎందుకు?

మే నెలలో ఒక మధ్యాహ్నం అనసూయ వచ్చి మంచం అంచున నా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కూలరు మాత్రం తిరుగుతోంది. బోర్డు సంగతి ఆమెకు చెప్పేశాను. నాకు పై అక్షరం తప్ప కనబడటం లేదనీ, మిగతాది బట్టీ పట్టి అప్పజెబుతున్నాననీ, మీరంతా దిగాలు పడితే చూడలేననీ. ఆమె ఏమీ అనలేదు. తల కూడా తిప్పలేదు. అర్థం చేసుకుంది, ఎవరికీ చెప్పదు అని నా మనసు తేలికపడింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

ఆషాఢం

బోనాల ఆదివారం పొద్దున నన్ను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. గల్లీ నిండా జనం, డప్పులు. చప్పుడు లేనివాళ్లు ఆ చప్పుడులో కలిసిపోయారు, ఎవరు ఎవరో తేల్చడం నా వల్ల కాలేదు. గల్లీ పిల్లలు వరుసగా వచ్చి కాళ్లు మొక్కుతున్నారు. ఒక పిల్ల, ఎర్ర పరికిణీ, నొసటి బొట్టు కొద్దిగా చెరిగింది, వంగింది. తల మీద చెయ్యి పెట్టబోయాను. చెయ్యి ఆగకుండా కిందికి, నా మోకాలి దాకా పోయింది. వెంటనే ఎవరో నా మణికట్టు పట్టుకుని చేతిని మరో తల మీద ఆనించారు. నూనె రాసిన, వెచ్చటి తల. మణికట్టు పట్టుకున్నది అనసూయ. గాజుల చప్పుడుతో పోల్చుకున్నాను.

“బాపు మస్తు హుషారుగున్నడు,” అన్నాడు శ్రీనివాస్ ఎవరితోనో. అది అబద్ధం కాదు. నేను హుషారుగానే ఉన్నాను. అన్నం తింటున్నాను, జోకులు వేస్తున్నాను. నా ధైర్యం చూసి డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది.

కానీ ఆ మర్నాటి నుంచి గల్లీలోకి అడుగు పెట్టలేకపోయాను. మనసులో దిగులు లేదు. గడప దాటడానికి కాలు ఎత్తితే, ఎత్తిన కాలు దిగడం లేదు. ఇంట్లో కూడా గోడ పట్టుకుని నడిచాను. ఇంత ధైర్యంగా ఉన్నవాడి కాలు ఎందుకు దిగదో నాకు అంతుపట్టలేదు.

బోనాలు అయిన పది రోజులకు మహమూద్ భాయ్ వచ్చాడు. శాలిబండలో టైలరు, నలభై ఏళ్ల స్నేహం. నేను నిష్ఠూరంగా అడిగాను.

“పోయిన శుక్రారం వచ్చి దర్వాజల్నే నిలబడి పోయినవ్. పిలిస్తే పలుకలే. ఏమన్న కోపమా భాయ్?”

“ఏ శుక్రారం నర్సింగ్ భాయ్? నేను బీదర్ల ఉన్న. బిడ్డ కాన్పని పోయి నెలయింది. నిన్న పొద్దుగాల దిగిన.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ శుక్రవారం వచ్చింది మహమూద్ భాయే అని నాకు చెప్పింది అనసూయ. డైరీలో రాసుకున్నాను కూడా. కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి. నా ఎదురుగా ఉన్న మహమూద్ భాయ్ ముఖం మాత్రం బూడిద ముద్ద.

“ఆ కుర్చీల ఎవరున్నరు?”

“ఖాలీ హై.”

“మంచిగ చూడు భాయ్.”

ఆయన మోకాళ్లు పట్టుకుని లేచాడు. నడిచి వెళ్లాడు. కుర్చీ కిర్రుమంది. “ఇగో, నేనే కూసున్న. ఖాళీగుండె, ఇప్పుడు నేనున్న.”

ఆయన కూర్చున్నది ఆ ముసలాయన ఒళ్లో. ముసలాయన లేవలేదు, తప్పుకోలేదు. కొంతసేపు ఒకే కుర్చీలో ఇద్దరూ ఉన్నారు.

అంత భయం నాకు ఎన్నడూ కలగలేదు. అయినా ఒక విచిత్రం చెప్పాలి. ఆ భయంలోనే, నెలల తర్వాత, కాళ్ల కింద నేల తగిలింది. నా ఇంట్లో ‘లేరు’ అనే మాట విని ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది.

అనసూయ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నేనేమీ అడగకముందే చెప్పింది.

“మా అమ్మకు గిట్లనే అయింది. మూలకు ఎవరో నిలబడ్డరని అడిగింది. ఎవ్వరు లేరమ్మా అన్న. మూడో దినం పోయింది.” కొంచెం ఆగి, “అందుకే ఈసారి ఉన్నరన్న,” అన్నది. శ్రీనివాస్‌నీ కవితనూ కూడా అలాగే చెప్పమన్నది తనేనట.

మాకు పెళ్లయి నలభై ఆరేళ్లు. ఆ సంగతి ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు.

“నేను భయపడ్త,” అన్నాను. “పడనీ. గని ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“చెప్పినంక మీకేమన్న అయితే?”

మహమూద్ భాయ్ కల్పించుకుని, “భాభీ, హిమ్మత్, ధైర్యం ఇచ్చిండ్రు మీరు. మంచిదే. గని మాట మీద భరోసా లేక మనిషి ఆగమైతున్నడు కదా,” అన్నాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

శ్రావణం

ఆ ఆదివారం కవితను డైరీ తెమ్మన్నాను. మార్చి నుంచి ‘వచ్చినవాళ్లు’ వరుస చదవమన్నాను. ఒక్కొక్క పేరుకూ అనసూయ ఉన్నారో లేరో చెప్పాలి. ఉన్నవాళ్ల పక్కన కవిత చిన్న గీత పెట్టాలి. కొట్టివేతలు వద్దన్నాను. నా డైరీలో కొట్టివేతలు లేవు.

అనసూయ మొదట్లో తల ఊపింది. తల ఊపితే నాకు కనబడదని కవిత అన్నది. అప్పుడు నెమ్మదిగా, “లేరు,” అన్నది. “లేడు.” “వచ్చిండ్రు, నిజంగనే.” “లేరు.” ప్రతి ‘లేరు’ తర్వాత నేనింకా బతికే ఉన్నానా అని చూస్తున్నట్టు ఆగుతోంది.

మే నెల దగ్గర కవిత చదివింది: “మధ్యాహ్నం అనసూయ మంచం మీద కూర్చుంది. బోర్డు సంగతి చెప్పాను. ఏమీ అనలేదు.”

“ఏం బోర్డు?” అన్నది అనసూయ.

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

“గా మధ్యాహ్నం నేను ఇంట్ల లేను. చాంద్రాయణగుట్టల బిడ్డ దగ్గరున్న. మనవరాలికి జరమొస్తే, మీరు పండుకున్నంక పోయి పొద్దుగూకంగ వచ్చిన.”

కవిత బడిలో పనిచేస్తుంది, ఎండాకాలం సెలవులైనా ఆ రోజు ఏదో పని మీద పిలిచారు. శ్రీనివాస్ ఆఫీసులో. అంటే ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్ణే. నా నోటితో ఎవరికీ చెప్పని సంగతిని, ఒక వీపుకు పూర్తిగా చెప్పుకున్నాను. ఆ వీపు విన్నదనుకుని రెండు నెలలు నిశ్చింతగా ఉన్నాను.

ఇంక దాచడానికి లేదు. బోర్డు బట్టీ పట్టిన సంగతి ఇద్దరికీ చెప్పాను. కవిత చేతిలో పుస్తకం మూసింది. అనసూయ చాలాసేపు మాట్లాడలేదు. నాకు భయమేసి, “ఉన్నవా?” అని అడిగాను.

“ఉన్న,” అన్నది. “నామీద గింత లొల్లి పెడ్తిరి. మరి మీరు చేసిందేంది?”

మంగళవారం ఆస్పత్రికి ఆమే వచ్చింది. డాక్టరమ్మకు నేను చెప్పాను, నా చెయ్యి అనసూయ పట్టుకుని ఉంది. డాక్టరమ్మ లేచి వెళ్లి వేరే బోర్డు పెట్టించింది. ఒక్క అక్షరం చదివాను. కంటి లోపల తీసిన ఫోటోల్లో వాపు అనుమానంగా ఉన్నా, ఇంత బాగా చదువుతున్నారు కదా అని ఇంజెక్షన్ ఇవ్వకుండా ఆగానన్నది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చూపులో అప్పటికే పోయిన ముక్క తిరిగి రాదట. మిగిలింది నిలబెట్టడానికి వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నది.

కనబడే మనుషుల గురించి కూడా అప్పుడే చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. చూపు తగ్గినప్పుడు ఖాళీ అయిన చోటును మెదడు తనంతట తాను నింపుకుంటుందట. పిచ్చి కాదు, చావుకు గుర్తు అసలే కాదు. “బోర్డు సంగతైనా ముందే ఎవరికీ చెప్పుకోలేదా?” అని అడిగింది.

“చెప్పిన డాక్టరమ్మా. ఆమె ఇంట్ల లేకుండె,” అన్నాను. అనసూయ నా చెయ్యి గిల్లింది.

ఇంజెక్షన్ గది బయట మళ్లీ ఆ కళ్లు మూసుకున్న వరుసలో కూర్చున్నాం. ఏమవుతుందని అనసూయను అడిగాను. ఎప్పుడూ అనే ‘ఏం కాదు’ కోసం ఎదురుచూశాను. “నాకు తెల్వదు. నాక్కూడ భయమే,” అన్నది. లేచి నడిచి ఆ గదిలోకి వెళ్లాను, గోడ పట్టుకోకుండా.

ఇక్కడ నాకు డిపో గుర్తుకొస్తుంది. పొద్దున డ్యూటీ ఎక్కే డ్రైవర్లకు ఆఫీసర్లు నాలుగు మంచి మాటలు చెప్పి పంపేవాళ్లు. వాళ్లు నవ్వుతూ బండి ఎక్కేవాళ్లు. అయినా అనుభవం ఉన్న డ్రైవరు గేటు దగ్గర ఒకసారి బ్రేకు తొక్కి చూసుకునేవాడు. బండి ఆగితేనే రోడ్డెక్కేవాడు. నాలుగు నెలలు మా ఇల్లంతా కలిసి నాకు ధైర్యం పోసింది, నేను వాళ్లకు పోశాను. తొక్కి చూసుకోవడానికి మాత్రం ఒక్క బ్రేకు ఉంచుకోలేదు. ఇంట్లో కంటి జబ్బు మనిషి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఆయన అడిగితే కుర్చీ ఖాళీగా ఉందని చెప్పండి. జబ్బు మనిషికి చెప్పేది కూడా ఉంది. బోర్డును బట్టీ పట్టకండి.

కార్తీకం

కుడి కన్ను నిలబడింది. లావు అక్షరాలు చదువుతాను. గల్లీ చివర పాల దుకాణం దాకా కర్ర పట్టుకుని ఒక్కణ్ణే వెళ్లి వస్తున్నాను. వచ్చేవాళ్లు తగ్గారు కానీ మానలేదు. ముఖం కనబడనివాళ్లు నిజం మనుషులు, జరీ కనబడేవాళ్లు కారు అని గుర్తు పెట్టుకున్నాను. అది చాలావరకు పనికొస్తుంది, అన్నిసార్లూ కాదు. మహమూద్ భాయ్ వచ్చినప్పుడు ఇవాళ ఎవరొచ్చారని, ఏం కట్టుకున్నారని అడుగుతాడు. నీకు ఊరికే సినిమా దొరికింది, నాకు లేకపాయె అని ఏడిపిస్తాడు. ఒకసారి ఆ మామిడిపిందె అంచు గురించి వివరంగా చెబితే నవ్వడం ఆపేశాడు. ఆ కుట్టు తన తండ్రి కాలంలో ఉండేదట, ఇప్పుడు ఎవరికీ రాదట. నేను దాన్ని ఎక్కడ చూసి ఉంటానో నాకు గుర్తు లేదు. డాక్టరమ్మ చెప్పినదాన్నే నమ్ముతున్నాను.

నిన్న మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మంచం అంచున ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇద్దరూ నా వైపే తిరిగి ఉన్నారు. ఒకామె పొగలా ఉంది. రెండో ఆమె ముక్కుపుడక రాయి కూడా మెరుస్తోంది.

“అనసూయా, ఎంతమంది ఉన్నరు?” అని అడిగాను.

జవాబు వెంటనే రాలేదు. ఆ మాట అనడం ఆమెకు ఇప్పటికీ ఎంత కష్టమో నాకు తెలుసు. నేను తొందరపెట్టలేదు.

“నేనొక్కదాన్నే,” అన్నది.

పొగలా ఉన్నామె చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. రెండో ఆమె మా ఇద్దర్నీ చూస్తూ అలాగే కూర్చుంది.